గుణమున్న కాలు

"ఎంత గుణమున్న కాలు! మట్టిపాలైంది గదా" అన్నాడు మా పెదనాన్న కొడుకు, సమాధుల దొడ్డి గట్టు మీద నిలబడి, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని. పోయిన బుధవారం సంగతి. లోపల ఆమెను గుంతలోకి దించుతున్నారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. కూతురు మట్టి మీద కూలబడి ఏడుస్తోంది. మావాడికి మాత్రం కాలు గుర్తొచ్చింది. మనిషి కాదు, కాలు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం అన్నయ్యా, మిగతా మనిషికి గుణం లేదా?" అన్నాను, పక్కనున్నవాళ్ళకి కూడా వినపడేలాగే.

"అబ్బ, ఇక్కడ కూడా మొదలెట్టావా టీచరమ్మా! మంచిమాటేగా నేనన్నది."

మంచిమాటే. ఊరంతా ఆమెను జీవితాంతం మంచిమాటలే అంది. ఒక్కరూ ఆమె నడుం సంగతి అడగలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నా నా కోపం దిగలేదు. ఇప్పటికీ దిగలేదు. అందుకే రాస్తున్నాను, ఆమె గురించి నెమ్మదిగా, మెత్తగా రాయడం నావల్ల కాదు.

మా ఊరు ప్రత్తిపాడు రోడ్డు దిగి లోపలికి ఐదు కిలోమీటర్లు. అయితే మిరప, లేకపోతే పత్తి. రెండూ వంగి ఏరాల్సినవే కాబట్టి మా ఊళ్ళో నడుం నొప్పి లేని మనిషి అంటూ ఉండడు. ఆ నొప్పికి మా వైపు ఒక నమ్మకం ఉంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు, అంటే తలకి బదులు కాళ్ళు ముందు బయటికొచ్చినవాళ్ళు, తొక్కితే నడుం పట్టు వదులుతుందని. మా ఊళ్ళో అలా పుట్టి బతికి బట్టకట్టింది ఆమె ఒక్కతే. పుట్టేటప్పుడు తల్లిని చావు దాకా తీసుకెళ్ళిన కాళ్ళు, ఊరందరికీ మందయ్యాయి. ఆదివారం పొద్దున్నే, పరగడుపున, ఎడమకాలితో మూడుసార్లు. అదీ పద్ధతి.

ఆమెను అందరూ 'ఎదురుకాళ్ళామె' అనేవాళ్ళు. నేనూ అంతే. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. ఆమె అసలు పేరు నేను మొదటిసారి చూసింది ఆసుపత్రి కేస్ షీటు మీద. నాకు యాభై దాటాక! ఆ పేరు ఇక్కడ రాయను. బతికుండగా పిలవనిదాన్ని, ఇప్పుడు రాసి ఏం ఉద్ధరించాలి?

చిన్నప్పుడు మా ఇంట్లో చూసిన దృశ్యం ఒకటి చెబుతాను. నాన్న మిరప బస్తా ఎత్తబోయి నడుం పట్టేసి రెండు రోజులుగా మంచం దిగలేదు. ఆదివారం పొద్దున కబురు పంపితే ఆమె వచ్చింది. వాకిట్లో బోరు దగ్గర ఎడమకాలు కడుక్కుంది. కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి దోపుకుంది. వసారాలో గోనెపట్టా మీద నాన్న బోర్లా పడుకున్నాడు. ఆమె కిటికీ ఊచ ఒక చేత్తో పట్టుకుని, కుడికాలి మీద నిలబడి, ఎడమపాదం ఆయన నడుం మీద ఆనించింది. ముందు బరువు వెయ్యదు. పాదంతో వెతుకుతుంది, చీకట్లో స్విచ్చి కోసం తడుముకున్నట్టు. మడమతో ఒకచోట ఆగి, "ఇక్కడేనా?" అంటుంది.

"అక్కడే, అక్కడే. అమ్మో!"

"ఊపిరొదులయ్యా."

"వదిలాను."

"యాడ వదిలావు? పొట్ట బిగబట్టావు. బిగబట్టబాక." తొక్కు ఒకటి. "నిన్న కల్లంలో మా తోడికోడల్ని ఏందో అన్నావంట."

నాన్న గోనెలోకి మూలిగాడు. "తాలుకాయలు ఏరకుండా మంచికాయల్లో కలిపేసింది మరి."

"ఏరింది. నేను పక్కనే ఉన్నా. కలిపింది నీ జీతగాడు. ఊపిరొదులు." తొక్కు రెండు. ఇది కొంచెం గట్టిగా.

"సరేలే, సరేలేవే తల్లీ!"

తొక్కు మూడు. కిందికి దిగింది. కుచ్చిళ్ళు సరిచేసుకుంది. నాన్న లేచి నిలబడేసరికి ఆమె తలొంచుకుని మెట్టు కింద ఉంది. "వస్తానయ్యా" అని వెళ్ళిపోయింది. నిలబడ్డ మగవాడితో ఆమె ఎప్పుడూ అలా మాట్లాడలేదు. బోర్లా పడుకున్నవాడితోనే. ఊళ్ళో పెద్దరైతులందరూ ఒక్కొక్కరుగా ఆమె కాలికింద తిట్లు తిన్నారు. ఆదివారం పొద్దున పది నిమిషాలు ఆమెది. సోమవారం పొద్దున మళ్ళీ వాళ్ళదే.

అప్పుడు నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే వేరే కనపడుతుంది. ఆమె పాదం మా నాన్న నడుం మీద పడొచ్చు. మా గడప మీద పడకూడదు. వసారా దాటి ఒక్క అడుగు లోపలికి వేసినట్టు నాకు గుర్తు లేదు. మా నాయనమ్మ అయితే ఆమె పట్టుకున్న కిటికీ ఊచని తర్వాత తడిగుడ్డతో తుడిచేది. తొక్కించుకున్న తన నడుం మాత్రం కడుక్కునేది కాదు, కడిగితే గుణం పోతుందని!

ఇంకొకటి. తొక్కినందుకు ఏమీ పుచ్చుకోకూడదట. డబ్బు సరే, గుప్పెడు మిరపకాయలు కూడా పనికిరావు, గ్లాసుడు కాఫీ కూడా తాగకూడదు. పుచ్చుకుంటే కాలికి గుణం పోతుందట. ఈ నియమం ఎవడు కనిపెట్టాడో గాని వాడి తెలివి తగలెయ్య! ఒక్క రైతుకైనా ఈ నియమం కష్టమనిపించలేదు. అందరూ నిష్ఠగా పాటించారు.

ఆదివారాలు ఇద్దరు ముగ్గురి ఇళ్ళకి తిరిగేసరికి ఆమెకి చర్చికి ఆలస్యమయ్యేది. పాత పాస్టరుగారు ఒకసారి అందరిముందూ నిలబెట్టి, ఇది మూఢనమ్మకం, క్రీస్తుని నమ్మినవాళ్ళు చెయ్యాల్సిన పని కాదని మందలించారట. ఆ తర్వాత ఏడాదే ఆయన మోటారుసైకిలు గుంతలో ఎగిరిపడి నడుం పట్టేసింది. ఈ కథ ఆమె నోట వినాలి. గొంతు లావు చేసి, "ముందు ప్రార్థన చేసుకుని తొక్కమ్మా, అప్పుడు తప్పు లేదు" అని ఆయనలాగే అనేది. నవ్వేటప్పుడు నోటికి చెంగు అడ్డం పెట్టుకునే అలవాటు. ఎవరినైనా క్షమించేసే నవ్వు అది. నాకు ఆ నవ్వు మీద కూడా కోపమే. అంత సులువుగా క్షమించకుండా ఉంటే మేము కొంచెం భయపడేవాళ్ళం.

ఇంతకీ ఆమె నడుం సంగతి. మిరపకోత అంటే మొక్కల చాలు పొడుగునా వంగి, కుడిచేత్తో తుంపుతూ ఎడమచేత్తో ఒడి పట్టుకుని నడవడం. ఎనిమిది గంటలకి వంగితే మధ్యాన్నం అన్నానికి లేవడం. అయిదింటికి మళ్ళీ లేవడం. పత్తి తీత ఇంకో రకం, నడుముకి కట్టిన ఒడి నిండేకొద్దీ నడుం ముందుకి లాగుతుంది. పదహారో ఏట నుంచి అరవై అయిదు దాటేదాకా ఆమె చేసింది ఇదే. చాలు చివరికొచ్చాక ఆమె ఒక పని చేసేది. రెండు పిడికిళ్ళూ వెనక నడుం మీద పెట్టుకుని, ఆకాశం వైపు తలెత్తి, "ఆఁ" అని ఒక్కటే శబ్దం చేసి, వెంటనే రెండో చాలుకి వంగేది. పక్కన ఆడవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. "ఎదురుకాళ్ళామెకు నడుం నొప్పా! నీది నువ్వే తొక్కుకో!" ఆమె కూడా నవ్వేది.

తొక్కేవాళ్ళకి నడుం నొప్పి వచ్చిందంటే గుణం పోయిందని అర్థం. అందుకని ఆమె దాచింది. పాత పంచె చింపి నడుం చుట్టూ బిగించి, పైన చీర కట్టుకునేది. సాయంత్రాలు ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టుకునేది. ఎడమ పిర్ర నుంచి పిక్క దాకా లాగేస్తుంటే ఎక్కడ కూర్చున్నా కుడివైపుకి ఒరిగి కూర్చునేది. కోతకి తీసుకెళ్ళే ఆటోలో అందరూ కూర్చుంటే తను కడ్డీ పట్టుకుని వేలాడేది, "నాకు గాలి కావాలి" అని. శనివారం సాయంత్రం ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్ళి నొప్పి సూది పొడిపించుకునేది. ఎందుకో తెలుసా? ఆదివారం పొద్దున ఒంటికాలి మీద నిలబడి మన నడుములు తొక్కాలి కదా! ఈ సంగతి నాకు ఆమె కూతురు ఆసుపత్రిలో చెప్పింది.

ఇప్పుడు నా సంగతి. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. రోజూ స్కూటీ మీద పాతిక కిలోమీటర్లు, ఆపైన నాలుగు పీరియడ్లు నిలబడి బోర్డు. ముందటేడు నాకు తుంటి నొప్పి మొదలైంది. కుడికాలు కరెంటు తగిలినట్టు జివ్వుమనేది. గుంటూరులో ఒక డాక్టరుకి చూపించుకున్నాను. స్కాను తీసి, వెన్నుపూసల మధ్య మెత్త జారి నరాన్ని నొక్కుతోందని బొమ్మ వేసి చూపించాడు. మందులు, వ్యాయామాలు, బరువులెత్తొద్దన్నాడు. తగ్గింది. పిల్లలకి వెన్నుపాము పాఠం చెప్పేటప్పుడు నా స్కాను ఫిల్మే కిటికీకి పెట్టి చూపించాను కూడా.

నిరుడు జనవరి చివర్లో జవాబు పత్రాల కట్ట కిందనుంచి తీయబోయి మళ్ళీ పట్టేసింది. శుక్రవారం. శని, ఆదివారాలు డాక్టరు ఉండడు. పక్క మీద అటు తిరగలేను, ఇటు తిరగలేను. బాత్రూంకి పాక్కుంటూ వెళ్ళాను. ఆదివారం పొద్దున ఎవరికి కబురు పంపానో వేరే చెప్పక్కర్లేదు. జీవశాస్త్రం టీచరుని! పిల్లలకి తెలిస్తే ఏమనుకుంటారన్న బెంగ కూడా నాకు అప్పుడు లేదు. నొప్పి ముందు చదువేం నిలుస్తుంది?

ఆమె గేటు తీసుకుని వస్తుంటే కిటికీలోంచి చూశాను. ఎడమకాలు కొంచెం ఎత్తెత్తి వేస్తోంది. గేటు దగ్గరే ఎడమకాలి చెప్పు ఊడిపోయింది. ఆమె ఆగలేదు. ఒక చెప్పుతోనే నడిచి మెట్ల దాకా వచ్చి, రెండు చెప్పులూ విడుద్దామని కిందికి చూసుకుని, వెనక్కి తిరిగి వెతుక్కుంది.

"లోపలికి రా" అన్నాను. నేను మా నాన్నని కాదు, నా ఇంట్లో అందరూ లోపలికి రావచ్చు. ఆ గొప్ప నాకుంది. చాప మీద బోర్లా పడుకున్నాను. ఆమె కిటికీ ఊచ పట్టుకుని పాదం ఆనించింది. ఎక్కడో ఆనించింది. వెతకలేదు.

"పడిందా అమ్మాయ్, కాలు?"

"పడింది. నీకు తెలియట్లేదా?"

"ఈ మధ్య తెలవటంలా. మొద్దుబారిపోయింది ఎదవ కాలు. కళ్ళతో చూసి వేస్తన్నా."

"చూపించుకోలేదా?"

"కోతలు ముమ్మరంగా ఉండాయి. అయిపోయినాక చూపిస్తా. ఊపిరొదులు."

ఊపిరి వదిలాను. మూడుసార్లు తొక్కింది. కటుక్కుమని ఏదో సర్దుకున్నట్టయింది, ప్రాణం లేచొచ్చింది. ఆ సుఖంలో కళ్ళు మూసుకుని నేనన్నది ఒక్కటే మాట. "చూపించుకో మరి, అశ్రద్ధ చెయ్యకు." ఎవరైనా ఎవరికైనా అనే మాట. దాని తర్వాత లేచి, కాఫీ పెట్టి గ్లాసు చేతికిచ్చాను. వద్దంది.

"ఈ గుణాలూ గిణాలూ నేను నమ్మను. తాగు."

నమ్మనిదాన్ని బోర్లా ఎందుకు పడుకున్నానో ఆమె అడగలేదు. కుర్చీలో కుడివైపుకి ఒరిగి కూర్చుని తాగింది. "మీ అమ్మ చేతి కాఫీ వాసన వచ్చేది గాని తాగింది లేదు" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. పెద్ద మంచిపని చేసిన దానిలాగా ఆ రోజంతా హాయిగా ఉన్నాను. నా నడుం రెండు రోజులు బాగుండి మూడో రోజు అంతకు రెట్టింపు పట్టేసింది, అది వేరే సంగతి.

రెండు నెలలు గడిచాయి. మార్చి చివర, ఆఖరి కోతలో, ఆమె చాలు మధ్యలో పడిపోయింది. లేపితే నిలబడలేకపోయింది. కూతురు ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. "నిన్నటి నుంచి ఒంటేలుకి పోవటంలా అమ్మా. సిగ్గుపడి చెప్పలా." నేను స్కూలు నుంచే కారు మాట్లాడుకుని వెళ్ళి గుంటూరు తీసుకెళ్ళాను. నన్ను చూసిన డాక్టరే. ఆయన ఆమె పాదం పట్టుకుని "పైకెత్తమ్మా" అన్నాడు. పాదం కదల్లేదు. సూదితో గుచ్చాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఆయన సూది పక్కన పెట్టి నావైపు తిరిగాడు.

"ఎన్నాళ్ళయింది ఇలా?"

"రెండు నెలలు" అన్నాను.

ఆ పూటే ఆపరేషన్ చేశారు. నొప్పి పోయింది. కాలు రాలేదు. మిగతావి కూడా వస్తాయో రావో చెప్పలేమన్నారు. ఇంకొక్కటి కూడా అన్నాడు డాక్టరు, ఇలా నడుములు తొక్కించుకునేవాళ్ళందరినీ నా దగ్గరికి పంపించండి, నాలుగు తగిలిస్తాను అని. నేను తల దించుకున్నాను.

నాలుగోరోజు మా అన్నయ్య ఆసుపత్రికి వచ్చాడు. చూడటానికి అనుకున్నాను. వరండాలో నన్ను పక్కకి పిలిచాడు.

"నీ ఇంట్లో కాఫీ తాగిందంట గదా."

"తాగింది. అయితే?"

"అయితే ఏంటి? అందుకే పోయింది గుణం! ఊరంతా అదే అనుకుంటున్నారు. ఇన్నేళ్ళు ఎవరూ పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా కాపాడుకొచ్చాం. నీ అభ్యుదయం తగలెయ్య, ఒక్క గ్లాసు కాఫీతో నాశనం చేశావు. రేపు ఎవరికన్నా నడుం పట్టేస్తే ఎవరి దగ్గరికి పోవాలి?"

కాపాడుకొచ్చాం! ఆ మాటే అన్నాడు. నేను ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తు లేవు. యాభై ఏళ్ళు ఆమె నడుం మీద మీరు పడి తిన్నారు అన్నాను. సిగ్గులేదా అన్నాను. నర్సు వచ్చి ఊరుకోబెట్టింది. వాడు వెళ్ళిపోయాడు, లోపలికి వెళ్ళి ఆమెను పలకరించకుండానే. నిజం చెప్పాలంటే అలా అరవడం నాకు బాగుంది. నామీద తప్పుడు నింద పడింది కాబట్టి అంత గట్టిగా అరవగలిగాను.

ఆ ఊపులోనే వార్డులోకి వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఆ పొద్దునే మూత్రం గొట్టం తీసేశారు. దిండుకి ఆనుకుని ఉంది.

"ఏందమ్మాయ్, బయట కేకలు?"

"మా అన్నయ్య. నా కాఫీ వల్ల నీ కాలు పోయిందట. విన్నావా? కాఫీ వల్ల!"

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. నవ్వలేదు. "మరి దేనివల్ల పోయింది?" అంది.

"ఆలస్యం వల్ల. ముందే వచ్చుంటే..."

"ముందే రావాలని నాకెట్టా తెలుస్తది?" దిండు కింద చెయ్యి పెట్టి ఒక కాగితం తీసింది. "డాక్టరుబాబు ఇచ్చాడు. ఇంటికెళ్ళినాక అందరికీ చదివి చెప్పమన్నాడు. మా పిల్లకి కూడా సరిగ్గా చదవడం రాదు. ఏముందో చదువు."

తెలుగులో అచ్చేసిన కాగితం. నడుం నొప్పి ఉన్నవాళ్ళు గమనించాల్సినవి. పాదం మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా, తెలియకుండా చెప్పు జారిపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా, ఆ రోజే రావాలి, ఒక్క రోజు కూడా ఆగకూడదు. నేను గబగబా చదివేశాను. చూసి చదువుతున్నట్టు లేదేమో, ఆమె నా ముఖం వంకే చూస్తోంది.

"ఇది నీకు కూడా ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"ఎప్పుడు? నేను నీ నడుం తొక్కకముందా, తొక్కినాకా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకి తెలిసే దారి లేదు.

"ముందే. అంతకు ముందేడు."

"చదివావా?"

"చదివాను."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోతే తీసి దుప్పటి మీద పెట్టుకుంది. తిడుతుందని ఎదురుచూశాను. బోర్లా పడుకున్న పెద్దరైతులందరినీ తిట్టిన మనిషి, నన్ను కూడా తిడితే బాగుండునని చూశాను. ఆమె దుప్పటి కొంచెం ఎత్తి లోపలికి చూసుకుంది. మళ్ళీ కప్పేసింది.

"సర్లే" అంది. "ఆ నర్సమ్మని పిలువు. పక్కంతా తడిసిపోయింది. నాకు తెలవలా."